ఖరగ్‌పూర్ నుంచి ఉద్దానానికి

"ఉష్ణమండలం ఎక్కడుంది?" అని మా భూగోళం మేడమ్ అడిగారు. మేమందరం ఒక్కసారే చేతులెత్తాం. ఒకరు అమెజాన్ అన్నారు, ఒకరు అండమాన్ అన్నారు. వెనక బెంచీ నుంచి ఎవరో కేరళ అని అరిచారు. మేడమ్ ఏమీ అనకుండా గోడకున్న భారతదేశ పటం దగ్గరకు వెళ్లి కర్కటరేఖ మీద స్కేలు ఆనించారు. ఆ రేఖ పశ్చిమ బెంగాల్లో నదియా జిల్లా కృష్ణనగర్ దగ్గరగా పోతుంది. ఖరగ్‌పూర్ దానికి దక్షిణాన, సుమారు 22.3 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. మేం ఉష్ణమండలం గురించి వెతుకుతూ కూర్చున్న తరగతి గది ఉష్ణమండలంలోనే ఉందన్నమాట.

నమ్మకం కుదరకపోతే ఒక పని చేయమన్నారు. కర్కటరేఖకూ మకరరేఖకూ నడుమ ఉన్న ప్రతి ఊళ్లోనూ ఏడాదిలో రెండు రోజులు మధ్యాహ్నపు సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. ఆ కొద్ది నిమిషాలు నిటారుగా నిలబెట్టిన కర్రకు నీడ ఉండదు. ఖరగ్‌పూర్‌లో ఈ రోజులు జూన్ మొదటి వారంలో ఒకసారి, జులై రెండో వారంలో ఒకసారి వస్తాయి. ఢిల్లీలో, చండీగఢ్‌లో ఎన్నేళ్లు ఎదురుచూసినా రావు. మీ నాన్నగారికో అమ్మగారికో బదిలీ అయి కొత్త ఊరు వెళ్లినప్పుడు, ఆ ఊరు ఏ మండలంలో ఉందో ఒక కర్ర, కాస్త ఎండ ఉంటే మీరే తేల్చుకోవచ్చు. మబ్బు పడితే మాత్రం ఏమీ చేయలేం. జులైలో మాకు అదే జరిగింది.

ఈ పాఠం తర్వాతే మా విద్యాలయం నుంచి ఒక జట్టు ఉష్ణమండలంలోని మరో మూలకు సాంస్కృతిక మార్పిడి యాత్రగా వెళ్లాలని నిర్ణయమైంది. 'ఏక్ భారత్ శ్రేష్ఠ్ భారత్' గురించి మీరు ఉదయం అసెంబ్లీలో వినే ఉంటారు. 2015 అక్టోబరు 31న, సర్దార్ పటేల్ జయంతి నాడు ప్రకటించిన కార్యక్రమం అది. అందులో రాష్ట్రాలను జతలు చేశారు. ఆంధ్రప్రదేశ్‌కు జత పంజాబ్, తెలంగాణకు జత హరియాణా. మా యాత్ర ఆ పట్టికలోది కాదు, అంతకన్నా చిన్నది. ఇరవై ఇద్దరు పిల్లలం, ఒక సర్, ఒక మేడమ్. శీతాకాలపు సెలవుల్లో ఐదు రోజులు. వెళ్లవలసిన చోటు శ్రీకాకుళం జిల్లా పలాస, దాని చుట్టూ ఉన్న ఉద్దానం.

పలాసే ఎందుకన్నది ఖరగ్‌పూర్ సంగతి తెలియనివారికి చెప్పాలి. మా ఊరికి ఎవరొచ్చినా మొదట అడిగేది స్టేషన్ ప్లాట్‌ఫారం గురించి. 1072.5 మీటర్ల ఆ ప్లాట్‌ఫారం ఒకప్పుడు ప్రపంచంలోనే పొడవైనది. తర్వాత గోరఖ్‌పూర్, ఇప్పుడు హుబ్బళ్లి దాన్ని దాటిపోయాయి. మాకు మాత్రం ప్లాట్‌ఫారం కంటే దాని మీద వినిపించే భాషలే గొప్పగా అనిపిస్తాయి. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే ఇక్కడ కారఖానా కట్టి, ఊరుకు ఊరునే నిలబెట్టినప్పుడు దేశం నలుమూలల నుంచీ పనివాళ్లు వచ్చారు. అప్పటికే బెజవాడ నుంచి కటక్ దాకా తూర్పుతీరపు రైలుదారి 1893, 1896 మధ్య పూర్తయింది. 1902లో ఆ దారిలో వాల్తేరుకు ఉత్తరాన ఉన్న భాగం బీఎన్నార్ చేతికి వచ్చింది. అంటే శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ పల్లెలకూ ఖరగ్‌పూర్‌కూ ఒకే కంపెనీ, ఒకే పట్టాలు. పని కోసం ఎక్కినవాళ్లు ఇక్కడ దిగారు. మథురాకాటీ, నింపురా, ఛోటా టెంగ్రా వీధుల్లో నాలుగో తరం తెలుగువాళ్లు ఉన్నారు. ఎండాకాలం వస్తే మాతాపూజల డప్పులతో ఆ వీధులు మోగిపోతాయి. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వాలని తీర్మానించినప్పుడు మా వీధుల్లో మిఠాయిలు పంచారు.

మా జట్టులోని తెలుగువాళ్లం రెండు రకాలు. కొందరం ఇక్కడే పుట్టి పెరిగిన రైల్వే కుటుంబాలవాళ్లం. తెలుగు మాట్లాడతాం, చదవడం రాదు. మిగతావాళ్లం కలైకుండా వైమానిక స్థావరానికో, ఐఐటీకో, రైల్వే ఆఫీసుకో బదిలీ మీద వచ్చిన కుటుంబాలవాళ్లం. మూడేళ్లకోసారి పెట్టెలు సర్దుతాం. చదవడం వచ్చు, కానీ మాట్లాడేది పుస్తకాల తెలుగో టీవీ తెలుగో. నిజం చెప్పాలంటే ఈ రెండు రకాలకూ తరగతిలో పెద్దగా పడేది కాదు. ఖరగ్‌పూర్ పిల్లలు "ఏటి?" అంటే బదిలీ పిల్లలు నవ్వేవాళ్లు. "ఏటి కాదు, ఏమిటి అనాలి" అని దిద్దేవాళ్లు. దిద్దినవాళ్లే ఈ వ్యాసం రాస్తున్నవాళ్లలో సగం మంది కాబట్టి ఈ మాట ధైర్యంగా రాస్తున్నాం. జట్టులో బెంగాలీ, ఒడియా, హిందీ మాట్లాడేవాళ్లు కూడా ఉన్నారు. వాళ్లకు ఈ గొడవ ఎప్పుడూ అర్థం కాలేదు.

ఖరగ్‌పూర్ నుంచి పలాసకు సుమారు 560 కిలోమీటర్లు. రైల్లో మా పని ఒక్కటే, ప్రతి పెద్ద స్టేషన్‌లోనూ తినుబండారం పేరు, దాన్ని అమ్మేవాళ్లు అరిచే మాట రాసుకోవడం. బాలేశ్వర్ దాటాక బెంగాలీ సన్నగిల్లింది. కటక్‌లో అంతా ఒడియా. మధ్యాహ్నం పొట్లాలు విప్పినప్పుడు మేడమ్ ఒక సంగతి చెప్పారు. ఈ దారి పొడవునా ఒక వంటకం పేరు మార్చుకుంటూ మనతోపాటు ప్రయాణం చేస్తుందట. రాత్రి మిగిలిన అన్నంలో నీళ్లు పోసి పొద్దున తింటే బెంగాల్లో పాంతా భాత్, ఒడిశాలో పఖాళ, శ్రీకాకుళంలో చద్దన్నం. వేడి, తేమ ఎక్కువగా ఉండేచోట వండిన అన్నం త్వరగా పులుస్తుంది. దాన్ని పారేయకుండా, ఆ పులుపునే ఒంటికి చలవగా మార్చుకున్నారు మూడు చోట్లా. నంజుకునే ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ కూడా మూడు చోట్లా ఒకటే.

బాలుగావ్ దాటాక ఎడమవైపు చిలికా సరస్సు కనిపించింది. కిటికీల దగ్గర తోపులాట జరిగింది కాబట్టి దాని గురించి ఎక్కువ రాయలేం. బ్రహ్మపురంలో రైలు ఆగినప్పుడు సర్ మమ్మల్ని ప్లాట్‌ఫారం వైపు చూడమన్నారు. రాష్ట్రపతిగా 1969 నుంచి 1974 వరకు ఉన్న వి.వి. గిరి 1894లో ఈ ఊళ్లోనే పుట్టారు. రాష్ట్రపతి కావడానికి చాలా ముందు, 1920ల చివర, ఆయన బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కార్మికుల నాయకుడు. పనిలోంచి తీసేసినవాళ్ల కోసం శాంతియుతంగా సమ్మె నడిపించారు. మా జట్టులో ఇద్దరి ముత్తాతలు ఆ రోజుల్లో కారఖానాలో పనిచేసినవాళ్లే. పాఠ్యపుస్తకంలో ఒక వాక్యంగా చదివిన మనిషి ఉన్నట్టుండి మా వీధికి వచ్చి నిలబడినట్టయింది.

ఇచ్ఛాపురం ఆంధ్రప్రదేశ్‌లో మొదటి స్టేషన్. అక్కడ ఎక్కిన పల్లీల బేరగాడు మా బోగీలోకి తొంగిచూసి, "ఏటి బాబూ, అందరూ ఎక్కడికెల్తన్నారేటి?" అన్నాడు. ఒక్క క్షణం అందరం మౌనంగా ఉండిపోయాం. తర్వాత ఖరగ్‌పూర్ పిల్లలు నవ్వడం మొదలుపెట్టి పలాస దాకా ఆపలేదు. ఐదు రోజులూ మాకు ఎదురైన ప్రతి మనిషీ, బడి పిల్లలు, దుకాణదారులు, బస్సు డ్రైవరు, అందరూ "ఏటి" అనే అన్నారు. అక్కడ తేడాగా మాట్లాడింది బదిలీ పిల్లలం మేమే. మాకు ఆతిథ్యమిచ్చిన బడి పిల్లలు మా 'ఏమిటి'ని విని "సినిమాలోలా మాట్లాడతన్నారు" అన్నారు.

ఉద్దానం అంటే ఉద్యానవనమే. ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో సముద్రం వెంట పరుచుకున్న తోటల సీమ. పైన కొబ్బరి, మధ్యలో జీడిమామిడి, పనస, కింద నీడలో ఇంకేవో చిన్న మొక్కలు. పాఠంలో ఉష్ణమండల వృక్షాలు అంతస్తులుగా పెరుగుతాయని చదివితే అది ఎక్కడో పెద్ద అడవుల మాట అనుకున్నాం. ఇక్కడ మనుషులు తమ చేతులతో అలాంటి అంతస్తులు కట్టుకున్నారు. డిసెంబరు చివర అయినా మా స్వెటర్లు సంచి దిగలేదు. పలాస 18.8 డిగ్రీల అక్షాంశం మీద ఉంది. నడినెత్తి సూర్యుడు అక్కడికి మే నెల మధ్యలో ఒకసారి, జులై చివర ఒకసారి వస్తాడని లెక్క వేసి వాళ్ల పిల్లలకు చెప్పాం. వాళ్లు మాకు కొబ్బరిచెట్టు ఎక్కడం చూపించారు. ఈ మార్పిడిలో లాభం ఎవరికో చెప్పనక్కరలేదు.

కానీ తోటలో చెట్ల ఎత్తు ఒకే తీరుగా లేదు. ఒకచోట ఆకాశమంత చెట్లు, పక్కనే మా భుజాల దాకా వచ్చేవి. ఎందుకని అడిగితే మమ్మల్ని తీసుకెళ్లిన అబ్బాయి "తిత్లీ" అని ఊరుకున్నాడు. తిత్లీ అంటే హిందీలో సీతాకోకచిలుక అని మాకు తెలుసు. అది తుఫాను పేరు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గరే తీరం దాటింది. గంటకు 140 నుంచి 150 కిలోమీటర్ల వేగంతో గాలి వీచింది. లక్షల కొబ్బరిచెట్లు పడిపోయాయి. వరి పంట పోతే ఆరు నెలల్లో మళ్లీ వేసుకోవచ్చు. కొబ్బరి మొక్క నాటితే కాపుకు రావడానికే ఆరేడేళ్లు కావాలి, నిండుగా కాయడానికి ఇంకా ఎక్కువ. "ఆ రాత్రి మా నాన్న తలుపుకి అడ్డంగా కూకున్నాడు, తలుపు ఎగిరిపోకుండా" అన్నాడు ఆ అబ్బాయి. అప్పుడు మావాళ్లలో దిఘా వైపు నుంచి వచ్చిన ఒకమ్మాయి 2021 మేలో యాస్ తుఫాను నాడు వాళ్ల మామయ్య ఇంట్లోకి సముద్రపు నీళ్లు వచ్చిన సంగతి హిందీలో చెప్పింది. మా మేదినీపూర్ ప్రాంతానికి కూడా ఇది కొత్త కాదు. 1942 అక్టోబరు తుఫాను గురించి ముసలివాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు.

తుఫాను పుట్టాలంటే సముద్రపు నీరు పైపైనే కాదు, కొంత లోతు దాకా సుమారు 26.5 డిగ్రీల సెల్సియస్‌కు మించి వేడిగా ఉండాలి. ఆ వేడి నీటి నుంచి లేచిన ఆవిరే దానికి ఇంధనం. నేల మీదికి వచ్చాక ఆ ఇంధనం అందదు కనుక బలహీనపడుతుంది. కొబ్బరిని పెంచేది ఆ వేడే, ఆ తేమే. కొబ్బరిని కూల్చేదీ అవే. ఆ అబ్బాయి, ఆ అమ్మాయి తోటలో కూర్చుని చాలాసేపు మాట్లాడుకున్నారు. ఇద్దరికీ ఉమ్మడి భాష అంతగా లేదు. చేతులతో నీళ్ల మట్టం చూపించుకుంటూ ఉన్నారు.

మర్నాడు పలాస-కాశీబుగ్గలో జీడిపప్పు తయారీ చూశాం. జీడిమామిడి ఈ నేల చెట్టు కాదు. బ్రెజిల్ నుంచి పోర్చుగీసువాళ్లు తెచ్చారు. ఎండు జీడిపిక్కల్ని ముందు ఆవిరి మీద ఉడికించి, ఆరబెట్టి, ఒక్కొక్కటిగా పగలగొడతారు. పిక్క పెంకులో ఒక జిడ్డు నూనె ఉంటుంది. చర్మానికి తగిలితే పొక్కుతుంది. పిక్కలు కొట్టే అమ్మలందరి వేళ్ల చివరలు నల్లబడి ఉన్నాయి. ఆ నూనెను పారేయరు, వాహనాల బ్రేకు లైనింగుల తయారీలో వాడతారు. కారఖానా ఊరి నుంచి వచ్చినవాళ్లం కనుక ఇది మాకు బాగా నచ్చింది. పప్పు డబ్బాల మీద 180, 240, 320 అని అంకెలుంటాయి చూశారా? ఒక పౌను తూకానికి, అంటే సుమారు 454 గ్రాములకు, అన్ని పప్పులు తూగుతాయని. అంకె చిన్నదైతే పప్పు పెద్దది, ధర ఎక్కువ. "మీరు ఏ అంకె తింటారు?" అని మేం ఒకామెను అడిగాం. "మాం తినం బాబూ, ముక్కలైతే ఎప్పుడైనా" అంది. ఇంకో ప్రశ్న అడగాలని ఎవరికీ అనిపించలేదు.

ఆతిథ్యమిచ్చిన ఇళ్లలో మాకు తాగడానికి ప్రత్యేకంగా నీళ్ల క్యాన్లు తెప్పించారు. మర్యాద కోసమేమో అనుకున్నాం. తర్వాత తెలిసింది, ఉద్దానంలో చాలా ఏళ్లుగా మూత్రపిండాల జబ్బు ఇంటింటి మాట అని. షుగరు, రక్తపోటు లేనివాళ్లకు కూడా వస్తుంది. ఎక్కువగా పొలాల్లో, తోటల్లో పనిచేసేవాళ్లకు వస్తుంది. కారణం ఇదేనని శాస్త్రవేత్తలు ఇంకా తేల్చలేదు. నీళ్లలో ఉన్నవేమైనానా, పురుగుమందులా, మండుటెండలో చాలినన్ని నీళ్లు తాగకుండా గంటలకొద్దీ పనిచేయడమా అని పరిశోధిస్తున్నారు. శ్రీలంక ఉత్తర మధ్య ప్రాంతంలో, మధ్య అమెరికాలో చెరకు కోసే కూలీల్లో కూడా ఇలాంటి జబ్బే ఉంది. పటం తెరిచి చూస్తే మూడూ ఉష్ణమండలంలోనే కనిపించాయి. 2023 డిసెంబరులో పలాసలో మూత్రపిండాల పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. హిరమండలం జలాశయం నుంచి పైపుల్లో నీళ్లు తెచ్చే పథకం కూడా వచ్చింది. మాలో ఒకరు బస చేసిన ఇంట్లో తాతగారు వారానికి రెండుసార్లు డయాలసిస్‌కు వెళ్లివస్తారు. వెళ్లే రోజు కూడా పొద్దున్నే లేచి మా కోసం కొబ్బరిబొండాలు కొట్టించారు. తాను మాత్రం తాగలేదు. ఆ జబ్బు ఉన్నవాళ్లకు కొబ్బరినీళ్లు పనికిరావట.

మూడో సాయంత్రం బడి మైదానంలో కార్యక్రమం. వాళ్ల వంతుగా తప్పెటగుళ్లు. గుండ్రటి తప్పెటలను గుండెల మీద కట్టుకుని, కాళ్లకు గజ్జెలతో, గంగమ్మ కథలు పాడుతూ వాయిస్తూ ఎగురుతారు. పశువుల కాపరులైన యాదవుల కళ ఇది. ఇరవై మంది ఒక్కసారి గుండె మీద కొడితే ఆ చప్పుడు నేల లోపలి నుంచి వచ్చినట్టుంటుంది. మా వంతుగా పటచిత్రం. ఖరగ్‌పూర్‌కు దగ్గరలో పింగ్లా వైపు నయా అనే ఊరుంది. అక్కడి చిత్రకారులు పొడవాటి కాగితపు చుట్టల మీద గడులు గడులుగా బొమ్మలు వేసి, చుట్ట విప్పుతూ, వేలితో చూపిస్తూ పాట పాడతారు. పసుపు, దీపపు మసి, ఆకుల పసరు, శంఖపుష్పాలు, ఇవే రంగులు. మారేడు జిగురుతో కలుపుతారు. వేసేవాళ్లలో ఎక్కువమంది ముస్లింలు, పాడే కథల్లో చాలావరకు హిందూ దేవతలవి. ఇది అక్కడ ఎవరికీ వింతగా తోచదు.

మేం తీసుకెళ్లింది 'చేపల పెళ్లి' పటం. చేపలన్నీ పల్లకీ, బాజాలతో పెళ్లికి తరలిపోతుంటాయి. చివరి గడిలో బోయాల్ అనే పెద్ద చేప నోరు తెరుచుకుని నిలబడుతుంది. మా పాట బెంగాలీలో, మధ్యలో తెలుగు వివరణ. తెలుగులో బోయాల్‌ను ఏమంటారో మాలో ఎవరికీ తెలియక "పెద్ద చేప, పెద్ద చేప" అని లాక్కొచ్చాం. ముందు వరసలో కూర్చున్న మత్స్యకారుల ఇంటి పిల్ల ఒకతి లేచి, "పెద్ద చేపేటి, అది వాలుగ!" అంది. మైదానమంతా నవ్వింది. మా ప్రదర్శనలో అన్నిటికంటే బాగున్న ఘట్టం అదే.

ఆ వాలుగ మమ్మల్ని అంతటితో వదల్లేదు. మర్నాడు పొందూరు వెళ్లాం. సన్నని ఖద్దరుకు పేరుపడ్డ ఊరు అది. పత్తిని వడకడానికి ముందు అక్కడి ఆడవాళ్లు ఒక ఎముక ముక్కతో దువ్వుతున్నారు. సన్నని పళ్లు దగ్గర దగ్గరగా ఉన్న దవడ ఎముక. ఏమిటని అడిగితే వాలుగ చేప దవడ అన్నారు. గింజను అంటిపెట్టుకున్న పోగుల్ని తెగకుండా, చెత్త లేకుండా చిక్కుతీయడానికి ఇంతకంటే మంచి పనిముట్టు ఇంకా దొరకలేదట. నయా పటంలో పెళ్లివారిని మింగడానికి వచ్చిన చేప పొందూరులో నూలు దువ్వుతోంది. మా జట్టులోని బెంగాలీ పిల్లలు ఆ ఎముకను చేతిలోకి తీసుకుని వంతులవారీగా చూశారు.

తేలినీలాపురం పక్షుల్నీ చూశాం. చింతచెట్ల మీద పెలికాన్లు, రంగుల కొంగలు గూళ్లు కడతాయి. సైబీరియా నుంచి వస్తాయని ఊళ్లో అందరూ అంటారు. పక్షుల పుస్తకాలు చూస్తే ఈ రెండు జాతులూ దక్షిణ, ఆగ్నేయ ఆసియాల్లో తిరిగేవి. ట్రాన్స్‌ఫరు ఉత్తర్వు లేకుండా ఏటా వచ్చి, అదే చెట్టు మీద అదే కొమ్మ పట్టుకునేవాటిని చూసి మాకు కాస్త అసూయ కలిగింది. శ్రీకాకుళం పట్టణంలో అరసవల్లి సూర్యదేవాలయానికి కూడా వెళ్లాం. అక్కడ మార్చి రెండో వారంలో, అక్టోబరు మొదటి వారంలో ఉదయకిరణాలు మూలవిరాట్టు పాదాలను తాకుతాయి. మార్చి 21కి సుమారు పది రోజుల ముందు, సెప్టెంబరు 23 తర్వాత దాదాపు అన్నే రోజులకు సూర్యుడు తూర్పున ఒకే చోట ఉదయిస్తాడు, ఒకసారి ఉత్తరానికి వస్తూ, ఒకసారి దక్షిణానికి పోతూ. మన కర్ర నీడ లెక్కే ఇది. గుడి కట్టినవాళ్లకు ఆ లెక్క ఎంత బాగా తెలుసో చూడండి.

ఇక ఉత్తరం సంగతి. ఛోటా టెంగ్రా నుంచి వచ్చిన మా స్నేహితుడు ఒకడు నోటుపుస్తకంలో పాత పోస్టుకార్డు దాచి తెచ్చాడు. వాళ్ల తాతగారి నాన్నగారికి ఊరి నుంచి వచ్చిన కార్డు. వాళ్ల ఇంట్లో దాన్ని దేవుడి పటం వెనక ఉంచేవారు, కానీ చదవగలిగేవాళ్లు లేరు. తాతగారు చదివింది హిందీ మాధ్యమం, నాన్న అంతే, వీడూ అంతే. తపాలా ముద్రలో సంవత్సరం చెరిగిపోయింది. నాలుగో రాత్రి వాడు దాన్ని తీసి, వరంగల్ వైపు నుంచి బదిలీ మీద వచ్చిన మా స్నేహితురాలి చేతికిచ్చాడు. వాడి 'ఏటి'ని అందరికంటే ఎక్కువ దిద్దింది ఆమే.

ఆమె గడగడా చదివింది. చదివి ఆగిపోయింది. అక్షరాలన్నీ వచ్చాయి, అర్థమే కావడం లేదు. "నిరుడు గాలికి పోయిన సెట్ల సోట కొబ్బరి మొక్కలేసినాం. ఆవు ఈనింది, పెయ్యి. గుంటడు నడుస్తన్నాడేటి? మీ ఇంటి కాడ రైలు దారి, జాగర్త. పండక్కి డబ్బులు అంపొద్దు, నువ్వే రా." గాలికి చెట్లు పోవడమేమిటని ఆమె సందేహం. "గాలంటే తుఫాను" అన్నాడు వాడు. పెయ్యి అంటే ఆడదూడ, అంపొద్దు అంటే పంపొద్దు. గుంట దగ్గర ఆమె మరీ తికమక పడింది. వాళ్ల వైపు గుంట అంటే నేల కొలత, నలభై గుంటలైతే ఎకరం. "గుంటడంటే పిల్లోడు. మా తాత!" అన్నాడు వాడు. ఒకరు చదువుతూ, ఒకరు అర్థం చెబుతూ ఆ తొమ్మిది లైన్ల కార్డును ఇద్దరూ మూడుసార్లు పూర్తి చేశారు. మేం చుట్టూ కూర్చుని విన్నాం.

కార్డు మీద ఉన్న ఊరు మందస దారిలోనే ఉంది. ఆఖరి రోజు పొద్దున సర్ బస్సును అటు తిప్పించారు. ఇల్లు లేదు. ఆ స్థలంలో తోట ఉంది. పక్కింటి ముసలమ్మ "ఏ ఊరు బాబూ?" అని అడిగి, ఖరగ్‌పూర్ అనగానే, "కరకపూరా! రైలోళ్ల దొడ్డి ఇదే" అని చూపించింది. ఆ దొడ్డిలో పెద్ద చెట్లు ఒక్కటీ మిగల్లేదు, తిత్లీకి పోయాయట. కొత్త మొక్కలు ఉన్నాయి. వాటి మధ్య వాడు కాసేపు అటూ ఇటూ తిరిగాడు.

ఖరగ్‌పూర్ చేరిన సాయంత్రం మేం ఆరుగురం వాడితోపాటు వాళ్లింటికి వెళ్లాం. కార్డును ఆమె చదివింది, ఈసారి 'ఏటి'ని ఏటి అనే పలికింది. గుంటడు నడుస్తున్నాడా అన్న వాక్యం తాతగారు రెండుసార్లు చదివించుకున్నారు. ఆయన కారఖానాలో ఫిట్టరుగా రిటైరయ్యారు. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "మొక్కలు ఎన్ని ఏసిందో రాసిందేటి?" అని అడిగారు.

కార్డులో ఆ అంకె లేదు. ఇప్పుడున్నవి పద్నాలుగు అని చెప్పాం. బస్సు బయల్దేరే ముందు లెక్కపెట్టుకున్నాం.